ఆఫ్రికా ప్రయాణానికి మలేరియా గోలీలు: మూడింట్లో మీకు నప్పేది ఏది?

"అన్నా, మలేరియా రాకుండా గోలీలుంటే ఇవ్వు. రేపు పొద్దున ఫ్లైట్."

నల్లకుంటలో మా మెడికల్ షాపు కౌంటర్ మీద చేతులానించి ఇలా అడిగేవాళ్ళు నెలకు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. బోర్‌వెల్ రిగ్గుల మీద పనికి టాంజానియా వెళ్ళేవాళ్ళు, నైజీరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చినవాళ్ళు, ఈ మధ్య పిల్లాపాపలతో మసాయిమారాలో సింహాలు చూడటానికి బయల్దేరేవాళ్ళు. ఎల్లో ఫీవర్ టీకా కోసం మాత్రం నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కి వెళ్ళి, ఆ పసుపు కార్డు జాగ్రత్తగా పాస్‌పోర్టులో పెట్టుకుంటారు. అది లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని భయం. మలేరియా గోలీ వేసుకున్నావా అని ఏ ఆఫీసరూ అడగడు, అందుకే అది చివరి రోజుకి జరిగిపోతుంది.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. ఇక్కడ పక్కపక్కన పెట్టి చూసేవి మూడు మందులు: అటోవాక్వోన్-ప్రోగ్వానిల్, డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్. ఇక్కడ చెప్పే మందులన్నీ చీటీ మీద ఇవ్వాల్సినవే. కానీ డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో, మన గురించి ఏం దాచకుండా చెప్పాలో తెలియక చాలామంది ఏదో ఒక చీటీ రాయించుకుని వచ్చేస్తారు. ఆ పది నిమిషాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

## అసలు గోలీ అవసరమా?

ముందు ఇది తేల్చుకోవాలి. శ్రీలంకకు 2016లో, మాల్దీవులకు 2015లో మలేరియా లేని దేశాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. హనీమూన్‌కి మాల్దీవులు వెళ్తూ గోలీలు అడిగితే నేను ఓడోమాస్ చాలని చెప్పి పంపిస్తాను. బ్యాంకాక్, ఫుకెట్ టూర్లకీ అంతే. హైదరాబాద్‌లోనే ఉంటూ, కాలనీలో దోమలు పెరిగాయని ముందుజాగ్రత్తగా వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అది వద్దు. పైగా నగరంలో మనల్ని ఎక్కువ భయపెట్టేది డెంగీ. దాన్ని మోసే దోమ వేరు, అది పగలు కుడుతుంది, దానికి ఈ గోలీలు ఏమీ చేయవు.

పాడేరు, అరకు వైపు, భద్రాచలం ఏజెన్సీ, అవతల బస్తర్ అడవులు అంటే ఆలోచించాలి. రెండు రోజులు రిసార్టులో ఉండి వచ్చేవాళ్ళకు దోమతెర, ఒళ్ళంతా కప్పే బట్టలు సాధారణంగా సరిపోతాయి. సర్వేకో, క్యాంపు డ్యూటీకో వారాల తరబడి లోపలి ఊళ్ళలో పడుకునేవాళ్ళు డాక్టర్ని అడిగి వెళ్ళాలి. మన దేశపు మలేరియా మార్గదర్శకాల్లో ఇలాంటి వాళ్ళకు ఒక లెక్క ఉంది: ఆరు వారాల లోపు ఉంటే డాక్సీసైక్లిన్, అంతకు మించితే మెఫ్లోక్విన్.

ఇక సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా. అక్కడికి వెళ్తున్నవాళ్ళే ఈ వ్యాసానికి అసలు పాఠకులు. 2023లో ప్రపంచం మొత్తం మీద మలేరియాతో దాదాపు 5,97,000 మంది చనిపోతే, నూటికి 95 మంది ఆఫ్రికాలోనే. "మేం చిన్నప్పుడే రెండుసార్లు మలేరియా పడ్డాం, మాకేం కాదు" అని మనవాళ్ళు అంటుంటారు. చిన్నప్పుడు వచ్చింది చాలావరకు వైవాక్స్ రకం. చలి, వణుకు పెట్టి ఏడిపించింది కానీ ప్రాణం మీదికి తేవడం తక్కువ. ఆఫ్రికాలో ఉన్నది ఎక్కువగా ఫాల్సిపారం. అది మెదడుకు, కిడ్నీలకు ఎక్కితే గంటలు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. పైగా చిన్నప్పటి రోగనిరోధక శక్తి ఏళ్ళ తరబడి నిలవదు.

## ఏం చూసి ఎంచుకోవాలి?

కౌంటర్ దగ్గర మొదట అడిగేది "ఎంతవుతుంది?" అనే. నా లెక్కలో అది చివరి ప్రశ్న. బయల్దేరడానికి ఎన్ని రోజులుంది? అక్కడ ఎన్నాళ్ళు ఉంటారు? ఒంట్లో ఇప్పటికే ఏమున్నాయి, ఏ మందులు వాడుతున్నారు? ఆ తర్వాత, ఎవరూ అడగనిది: తిరిగొచ్చాక ఎన్నాళ్ళు వేసుకోగలరు?

ఈ చివరిది ఎందుకంటే, మా బావమరిది కథ ఉంది. టాంజానియాలో రెండున్నర నెలలు ఉన్నాడు. అక్కడున్నన్నాళ్ళు డాక్సీసైక్లిన్ ఒక్క రోజు తప్పలేదు, ఫోన్లో అలారం పెట్టుకుని మరీ వేసుకున్నాడు. శంషాబాద్‌లో దిగిన రాత్రి మిగిలిన స్ట్రిప్పులు సూట్‌కేసులోనే ఉండిపోయాయి. "ఇంటికొచ్చేశాం కదా, ఇంకెందుకు?" అన్నాడట మా చెల్లితో. పదిహేడో రోజు జ్వరం. ఇంటి దగ్గర క్లినిక్‌లో డెంగీ టెస్టు చేశారు, లేదన్నారు, వైరల్ అని పారాసెటమాల్ ఇచ్చారు. ఆఫ్రికా నుంచి వచ్చానని వాడు చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. మూడో రోజు కళ్ళు పచ్చబడి, మాట తడబడితే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపు చుక్క గాజు పలక మీద పెట్టి చూస్తే ఫాల్సిపారం. నాలుగు రోజులు ఐసీయూ. మందులమ్మే నాకు బావమరిది, వాడి పరిస్థితే అది.

అతను చేసిన పొరపాటు ఎక్కడుందంటే: దోమ కుట్టగానే పరాన్నజీవి రక్తంలో తిరగదు. నేరుగా లివర్‌లోకి పోయి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు అక్కడే పెరిగి, ఆ తర్వాత రక్తంలోకి దిగుతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ ప్రధానంగా రక్తంలోకి వచ్చాకే దాన్ని పట్టుకుంటాయి. చివరి రోజు కుట్టిన దోమ ఎక్కించినదంతా బయటికి వచ్చేదాకా కాపలా ఉండాలి కాబట్టి ఇంటికొచ్చాక నాలుగు వారాలు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ లివర్‌లో ఉండగానే ఫాల్సిపారాన్ని దెబ్బతీస్తుంది, అందుకే దానికి ఏడు రోజులు చాలు.

ఇక మూడింటినీ పక్కపక్కన పెడితే:

| | అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ | డాక్సీసైక్లిన్ | మెఫ్లోక్విన్ |
|---|---|---|---|
| ఎప్పుడు మొదలు | 1–2 రోజుల ముందు | 1–2 రోజుల ముందు | కనీసం 2 వారాల ముందు |
| పెద్దవాళ్ళకు | రోజూ ఒకటి (250/100 మి.గ్రా.) | రోజూ ఒకటి (100 మి.గ్రా.) | వారానికి ఒకటి (250 మి.గ్రా.) |
| తిరిగొచ్చాక | 7 రోజులు | 4 వారాలు | 4 వారాలు |
| 10 రోజుల ప్రయాణానికి మొత్తం | 19 | 40 | 8 |
| ఖర్చు | బాగా ఎక్కువ | చాలా తక్కువ | మధ్యస్తం |
| గర్భిణులకు | సాధారణంగా ఇవ్వరు | వద్దు | డాక్టర్ సలహాతో ఇస్తారు |
| పిల్లలకు | బరువును బట్టి | 8 ఏళ్ళ లోపు వద్దు | బరువును బట్టి |

## అటోవాక్వోన్-ప్రోగ్వానిల్

మాలరోన్ అన్న పేరుతో ఎక్కువమందికి తెలుసు. చాలామందికి ఇబ్బంది పెట్టకుండా పడుతుంది, రేపే ప్రయాణమైనా ఈ రోజు మొదలుపెట్టొచ్చు, తిరిగొచ్చాక వారంలో అయిపోతుంది. పది రోజుల సఫారీకి వెళ్ళే కుటుంబానికి నేనైతే దీని గురించే డాక్టర్ని అడగమంటాను.

చిక్కు రెండు చోట్ల. ఒకటి డబ్బు: పది రోజులకు సరే, ఆరు నెలల కాంట్రాక్టు మీద వెళ్ళేవాడికి దాదాపు 190 గోలీలు కావాలంటే జీతంలో పెద్ద ముక్క పోతుంది. రెండోది, ప్రతి షాపులోనూ స్టాకు ఉండదు. మేం కూడా ముందే చెబితేనే తెప్పిస్తాం. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం నాలుగు షాపులు తిరిగి, దొరక్క విసిగిపోయి, చివరికి ఏమీ లేకుండా వెళ్ళినవాళ్ళను చూశాను.

వేసుకునే తీరు కూడా ముఖ్యం. ఖాళీ కడుపుతో వేస్తే ఒంటికి సరిగా పట్టదు. కాస్త కొవ్వున్న తిండితో పడాలి. ఉత్త ఇడ్లీ కన్నా గుడ్డు, నెయ్యి వేసిన పప్పన్నం, లేదా గ్లాసు పాలు. రోజూ ఒకే వేళకి. వేసుకున్న గంటలోపు వాంతి అయితే మళ్ళీ ఒకటి వేసుకోవాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు ఇది పనికిరాదు. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, పీటీ-ఐఎన్ఆర్ (రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) లెక్క తప్పే అవకాశం ఉంది.

## డాక్సీసైక్లిన్

చవక, ఏ షాపులోనైనా దొరుకుతుంది, ఈ రోజే మొదలుపెట్టొచ్చు. అందుకే మనవాళ్ళలో ఎక్కువమంది చేతికి వచ్చేది ఇదే. మందు మంచిదే. ఎలా వేసుకోవాలో చెప్పకుండా స్ట్రిప్పు చేతిలో పెట్టడమే ఇక్కడ జరిగే తప్పు, అందులో మా షాపుల వాళ్ళ వాటా కూడా ఉంది.

ఒక కుర్రాడు ఆఫ్రికా నుంచి వీడియో కాల్ చేసి, గుండె మధ్యలో ఎండు మిరపకాయ అడ్డుపడ్డట్టు మంటగా ఉందన్నాడు. ఏం చేశావని అడిగితే, రాత్రి పడుకునే ముందు మంచం మీదే, ఒక్క గుక్క నీళ్ళతో మింగి పడుకున్నాడట. క్యాప్సూల్ అన్నవాహికకు అతుక్కుని అక్కడే కరిగి పుండు పడేలా చేసింది. డాక్సీసైక్లిన్ పొద్దునో మధ్యాహ్నమో, తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, నిటారుగా ఉండాలి. రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకునే ముందు కాకుండా డ్యూటీ ఎక్కేముందు పెట్టుకోవాలి.

ఐరన్, కాల్షియం గోలీలు, గ్యాస్ టానిక్ దీంతో కలిపి వేసుకుంటే మందు కడుపులోనే వాటితో పట్టేసుకుని ఒంటికి చేరదు. రెండు మూడు గంటల తేడా ఉండాలి. ఎండ ఇంకో సమస్య: దీన్ని వాడుతుంటే చర్మం త్వరగా కాలిపోతుంది. రిగ్గు మీద, రోడ్డు పని మీద రోజంతా ఎండలో నిలబడేవాళ్ళు నిండు చేతుల చొక్కా, టోపీ లేకుండా దీన్ని ఎంచుకోకూడదు. "మేం నల్లగానే ఉంటాం, మాకు ఎండ పట్టదు" అనేవాళ్ళ చర్మం కూడా కాలుతుంది. కొంతమంది ఆడవాళ్ళకు యోనిలో ఫంగస్ ఇన్ఫెక్షన్ రావచ్చు. అలా గతంలో వచ్చినవాళ్ళు ముందే డాక్టర్‌కి చెబితే దానికి మందు వెంట ఇస్తారు.

ఫిట్స్‌కి ఫెనిటోయిన్ లేదా కార్బమజెపైన్ వాడేవాళ్ళలో దీని బలం తగ్గుతుంది. మొటిమలకు మినోసైక్లిన్ వాడుతున్న కుర్రకారు దానికి ఇది తోడుగా వేసుకోకూడదు, ఒకటి మాని రెండోదానికి మారాలా అన్నది డాక్టర్ చెప్పాలి. ఒక కొసరు లాభం కూడా ఉంది: ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ లాంటి కొన్ని జ్వరాల నుంచి కూడా ఇది కొంత కాపాడుతుంది.

నాలుగు వారాల తోక మాత్రం దీనికే బాగా బరువు. రోజూ వేసుకోవాలి, పైగా ఇంట్లో. చుట్టాలొస్తారు, పెళ్ళిళ్ళుంటాయి, మర్చిపోతారు.

## మెఫ్లోక్విన్

వారానికి ఒక్కటే. ఆదివారం అని పెట్టుకుంటే చాలు. ఆరు నెలలు, ఏడాది ఉండేవాళ్ళకు వినడానికి ఇంతకన్నా సుఖం లేదనిపిస్తుంది. కానీ దీన్ని నేను ఎవరికీ "ఇది అడగండి" అని తేలిగ్గా చెప్పను.

కొందరిలో ఇది మనసు మీద పనిచేస్తుంది. పీడకలలు, నిద్ర పట్టకపోవడం, కారణం లేని టెన్షన్, దిగులు, అరుదుగా భ్రమలు. తల తిరగడం, చెవుల్లో హోరు కూడా రావచ్చు, కొందరిలో మందు మానేశాక కూడా చాలాకాలం ఉండిపోతాయి. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని డబ్బా మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. డిప్రెషన్, యాంగ్జయిటీ, ఫిట్స్ ఇప్పుడున్నా, ఎప్పుడో వచ్చి తగ్గినా ఇది వద్దు. గుండె కొట్టుకునే తీరులో తేడా ఉన్నవాళ్ళకూ వద్దు. మనవాళ్ళలో ఒక చిక్కుంది: ఎప్పుడో ఆరు నెలలు నిద్ర గోలీలు, దిగులు మందులు వాడిన సంగతి డాక్టర్‌కి కూడా చెప్పరు, పక్కన తమ్ముడో అత్తగారో ఉంటే అసలే చెప్పరు. ఈ మందు విషయంలో ఆ దాపరికం ప్రమాదం. మీ వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోమని చెప్పి అయినా సరే, చెప్పండి.

దీన్ని కనీసం రెండు వారాల ముందే మొదలుపెట్టమనడం వెనక ఒక లాభం ఉంది. ఇబ్బందులు వచ్చేవాళ్ళలో చాలామందికి మొదటి మూడు మోతాదుల్లోనే తెలిసిపోతుంది. ఇంట్లో ఉండగానే తేలితే వేరే మందుకి మారవచ్చు. రేపు ఫ్లైట్ ఉన్నవాడికి ఆ వీలు ఎలాగూ లేదు. క్రేన్, రిగ్గు, లారీ నడిపేవాళ్ళు దీనికి దూరంగా ఉండటమే మేలు.

అయితే గర్భంతో ఉండి, వెళ్ళక తప్పని ఆడవాళ్ళకు మూడింట్లో డాక్టర్లు రాసేది ఇదే. అసలు గర్భంతో మలేరియా ఎక్కువున్న చోటికి ప్రయాణం వాయిదా వేసుకోవడమే మొదటి సలహా.

## ఇంట్లో దాచిన పాత స్ట్రిప్పులు

"లారియాగో ఉంది కదా, అదే వేసుకుంటా" అంటారు. క్లోరోక్విన్ అది. ఆఫ్రికాలోని ఫాల్సిపారం దానికి ఎప్పుడో లొంగడం మానేసింది. హైతీ, మధ్య అమెరికాలో కొన్ని చోట్ల తప్ప ప్రయాణికులకు ఇప్పుడు పనికిరాదు. 2020లో కరోనా టైంలో ఎగబడి కొన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ స్ట్రిప్పులు ఇంకా కొందరి బీరువాల్లో ఉన్నాయి, వాటి సంగతీ అంతే.

ప్రిమాక్విన్ అనే ఇంకో మలేరియా మందు గురించి ఒక్క మాట. జీ6పీడీ రక్తపరీక్ష లేకుండా అది ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళలో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి మూత్రం కోలా రంగులోకి వస్తుంది.

ఆర్టెమిసినిన్ కలిపిన మందులు నివారణకు కాదు, చికిత్సకు. దగ్గర్లో ఆసుపత్రి లేని సైటుకి వెళ్ళేవాళ్ళకు కొందరు డాక్టర్లు ఒక కోర్సు అత్యవసరానికి వెంట ఇస్తారు. అది ఇస్తే ఎప్పుడు తీయాలో కాగితం మీద రాయించుకోండి. ఏదైనా సరే ఇక్కడి నుంచే కొని తీసుకెళ్ళండి. అక్కడ కొన్ని దేశాల్లో నకిలీ గోలీల బెడద ఉంది.

## మీరు ఏ రకం?

పది రోజుల సఫారీ, జేబు అనుమతిస్తుంది, పిల్లలున్నారు అంటే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్. పిల్లలకు మీ గోలీ విరిచి పెట్టడం కాదు, బరువు చూపించి మోతాదు రాయించుకోవాలి.

రెండు మూడు నెలల పని, ఖర్చు చూసుకోవాలి, ఎండ నుంచి కప్పుకోగలరు అంటే డాక్సీసైక్లిన్, ఆ నాలుగు వారాలతో సహా. మర్చిపోయే స్వభావం అని మీకే తెలిస్తే, కొంచెం అప్పు చేసైనా మొదటిదానికి వెళ్ళడం నయం. నెలకోసారి లాగోస్ వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చే మేనేజర్లకు డాక్సీసైక్లిన్ అంటే ఏడాది పొడవునా ఆపకుండా వేసుకోవడమే. వాళ్ళకు ఏడు రోజుల తోకే నప్పుతుంది.

ఏడాది, రెండేళ్ళు ఉండేవాళ్ళ సంగతి కష్టం. డాక్సీసైక్లిన్‌తో సాగించేవాళ్ళున్నారు, మెఫ్లోక్విన్ పడినవాళ్ళు దానితో ఉన్నారు. ఎక్కువమంది మూడో నెలలో అన్నీ మానేస్తారు, "ఇక్కడివాళ్ళు వేసుకుంటున్నారా?" అంటూ. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు పదే పదే వచ్చి కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, మనకు లేదు.

షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళు వాడే మందుల చీటీలన్నీ తీసుకెళ్ళాలి. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకు ఇచ్చే ఒక రకం మందు) వాడేవాళ్ళయితే మెఫ్లోక్విన్ మాట రాగానే దాన్ని గుర్తు చేయాలి.

ఏది వేసుకున్నా నూటికి నూరు పాళ్ళు అడ్డుకోదు. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. మందు పూసిన దోమతెర, దోమల్ని తరిమే డీట్ ఉన్న క్రీము, రాత్రిపూట నిండు బట్టలు కూడా సామాన్లలో ఉండాల్సిందే. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. దోమలతో కుట్టించుకున్న మలేరియా రోగి హుసేన్ ఖాన్‌కి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. అదే ఊళ్ళో 120 ఏళ్ళు దాటాక మా బావమరిదికి డెంగీ టెస్టు ఒక్కటే చేశారు.

కాబట్టి తిరిగొచ్చాక ఏడాది లోపు జ్వరం వస్తే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డాక్టర్ ముందు కూర్చోగానే "ఫలానా దేశం వెళ్ళొచ్చాను, మలేరియా టెస్టు చేయండి" అనండి. గోలీలన్నీ పూర్తి చేసినా సరే. అదే రోజు చేయించాలి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే, మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ చూడాలి.

ఆ రేపు పొద్దున ఫ్లైట్ కుర్రాడిని ముందు డాక్టర్ దగ్గరికి పంపించాను. గంటన్నర తర్వాత డాక్సీసైక్లిన్ చీటీతో వచ్చాడు. తిరుగు టికెట్ చూపించమన్నాను. ఫోన్లో తేదీ చూసి, దానికి 28 రోజులు కలిపి, గోలీల కవరు మీద నల్ల మార్కర్‌తో పెద్ద అంకెల్లో రాశాను: ఈ తేదీ దాకా. ఆ కవరు ఫోటో తీసి వాళ్ళమ్మకి వాట్సాప్‌లో పంపించమని చెప్పి, అతను పంపించేదాకా చిల్లర ఇవ్వలేదు.